కోడలి ఉద్యోగం కాగితాలు ఎక్కడున్నాయి?

మన బీరువాలో ఏముంటాయో మనకి తెలియనిదేముంది! ఇంటి దస్తావేజులు, గ్యాస్ పుస్తకం, బ్యాంకు పాస్ బుక్కులు, పిల్లల టీకాల కార్డులు... ఎప్పుడో కొన్న మిక్సీ గ్యారంటీ కార్డు కూడా వుంటుంది. మిక్సీ పాడై పాత సామాన్లవాడికి వేసేసినా కార్డు మాత్రం పారెయ్యం. మరి మీ అమ్మాయి ఉద్యోగం ఆర్డరో, కోడలి జీతం కాగితమో ఎక్కడుందో చెప్పగలరా? "అవన్నీ దాని ఫోన్లోనో, ఆఫీసు కంప్యూటర్లోనో వుంటాయిలెండి" అంటారు చాలామంది. మొన్నమొన్నటిదాకా నేనూ అదే అనుకునేదాన్ని.

ఈ వారం వంట సంగతులు కాసేపు పక్కన పెట్టి, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు తమ యజమానుల మీద వేసిన కేసుల సంగతి చెబుతాను. "కోర్టులూ కేసులూ మనకెందుకండీ, పప్పులో ఉప్పు చూసుకునేవాళ్ళం" అనకండి. ఈ కేసుల్లో చాలావాటికి గొడవంతా పెళ్ళి దగ్గరో, పురుడు దగ్గరో వచ్చింది. ఆ రెండూ మన శాఖలే కదా! నేను ఇంటర్ దాకా చదివినదాన్నే. కాని మా చెల్లెలి కూతురి విషయంలో ఒక లాయరు గారి దగ్గర నాలుగు రోజులు కూర్చోవాల్సి వచ్చి, ఇవన్నీ అడిగి తెలుసుకున్నాను. తెలిసింది మీకూ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు సి.బి. ముత్తమ్మ గారి సంగతి. కర్ణాటకలో కొడగు ఆవిడది. 1949లో మన విదేశాంగ సర్వీసులో చేరారు. ఆ సర్వీసులోకి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. పెద్ద చదువు, పెద్ద పరీక్ష, అన్నీ మగవాళ్ళతో సమానంగా నెగ్గి వచ్చిన మనిషి. కాని చేరేటప్పుడే, పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని హామీ రాసివ్వాల్సి వచ్చిందట! ఇంటర్వ్యూ బోర్డు పెద్ద ఆవిణ్ణి ఈ సర్వీసు వద్దని వెనక్కి లాగారనీ, తర్వాత తనే ఆవిడకి తక్కువ మార్కులు వేయించానని చెప్పారనీ కూడా ఆవిడ తన పిటిషన్లో రాసుకున్నారు.

రూల్స్ ఏమిటో వింటారా? ఆ సర్వీసులో వున్న ఆడమనిషి పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పెళ్ళయ్యాక ఇంటి బాధ్యతలు ఉద్యోగానికి అడ్డొస్తాయని ప్రభుత్వానికి అనిపిస్తే రాజీనామా చెయ్యమనొచ్చు. పెళ్ళయిన ఆడపిల్లకి ఆ ఉద్యోగం అసలు హక్కుగా అడిగే వీలే లేదు. మగ ఆఫీసరుకి మాత్రం ఇవేమీ లేవు. నలుగురు పిల్లలున్నా, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు మంచం పట్టినా ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు. అవన్నీ చూసుకునే మనిషి ఇంట్లో వుంటుంది కాబట్టి కాబోలు!

ముత్తమ్మ గారు అప్పటికే హంగరీ దేశానికి రాయబారిగా పనిచేశారు. మన దేశం తరఫున రాయబారి అయిన మొదటి ఆడ ఉద్యోగి. అలాంటి మనిషికి పై హోదాకి ప్రమోషన్ ఇవ్వకుండా పక్కన పెట్టారు. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కేసు వేశాక చూడండి వింత, ప్రమోషన్ వచ్చేసింది! ఆ రూల్స్‌ని కూడా తీసేస్తున్నాం అన్నారు. అంతటితో కేసు ముగిసిపోయినట్టే. అయినా 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఊరుకోలేదు. ఇంటి బాధ్యతలు ఆడ ఉద్యోగి పనికి అడ్డొచ్చేట్టయితే మగ ఉద్యోగి పనికీ అడ్డు రావచ్చు కదా, ఆవిడకొక్కదానికే రూలేమిటని తీర్పులో అడిగారు. ప్రభుత్వం తన సర్వీసు రూల్స్ అన్నీ మళ్ళీ చూసుకుని, ఇలాంటి మచ్చలు తీసేయాలని చెప్పారు. ముత్తమ్మ గారు మాత్రం జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు. అది ఆవిడ ఇష్టమో, ఆ హామీ కాగితం మహిమో మనకెలా తెలుస్తుంది!

రెండేళ్ళు తిరక్కుండానే ఎయిర్ హోస్టెస్‌ల కేసు వచ్చింది. నర్గేష్ మీర్జా కేసు అంటారు. ఎయిర్ ఇండియా అప్పట్లో ప్రభుత్వ సంస్థ. అక్కడ ఎయిర్ హోస్టెస్‌కి 35 ఏళ్ళకే రిటైర్మెంటు. చేరిన నాలుగేళ్ళ లోపు పెళ్ళి చేసుకుంటే అప్పుడే ఇంటికి. మొదటిసారి కడుపు వస్తే ఆ రోజే ఇంటికి. ఈ మూడింటిలో ఏది ముందొస్తే అది! 35 దాటాక వుంచాలా వద్దా అన్నది మేనేజింగ్ డైరెక్టరు ఇష్టం. అదే విమానంలో, అవే ట్రేలు మోసే మగ పర్సర్లకి 58 ఏళ్ళు. 35 ఏళ్ళంటే ఎంతండీ? మన పిల్లలు అప్పటికింకా బడికి పోతుంటారు.

1981 ఆగస్టులో తీర్పు వచ్చింది. కడుపు వస్తే తీసెయ్యడమన్నది భారత స్త్రీత్వానికే అవమానం అని కోర్టు గట్టిగా మందలించి ఆ రూలు కొట్టేసింది. పిల్లలు పుట్టడం సృష్టిలో సహజం, దానికి శిక్ష ఏమిటని అన్నట్టే. మేనేజింగ్ డైరెక్టరు ఇష్టాయిష్టాల మీద ఉద్యోగం ఆధారపడకూడదని కూడా అంది. ఇంతవరకూ బాగానే వుంది. కాని నాలుగేళ్ళ లోపు పెళ్ళి చేసుకోకూడదన్న రూలుని మాత్రం సమర్థించింది! 19 ఏళ్ళకి చేరిన పిల్ల 23 దాకా ఆగితే ఆరోగ్యానికి మంచిది, కుటుంబ నియంత్రణకి మంచిది, కంపెనీకి ఖర్చు కలిసొస్తుంది అని కారణాలు. పర్సర్ల కేడరు వేరు, హోస్టెస్‌ల కేడరు వేరు కాబట్టి ఆడా మగా తేడా చూపించినట్టు కాదని కూడా అంది. ఇంత మంచి తీర్పులో ఈ ముక్క నాకు అన్నంలో రాయిలా తగిలింది. మగపిల్లాడికి 23 దాకా ఆగమని ఏ కంపెనీ చెప్పింది? ఆగితే వాడి ఆరోగ్యానికి మాత్రం మంచిది కాదా?

ఇంకో కేసు చెబితే మీ ఒళ్ళు మండుతుంది. ఎల్‌ఐసీలో అసిస్టెంటు ఉద్యోగం. 1989లో ఒకమ్మాయి పరీక్ష రాసి, ఇంటర్వ్యూ నెగ్గి, సంస్థ వాళ్ళ డాక్టరమ్మ దగ్గర పరీక్ష కూడా చేయించుకుని చేరింది. చేరేటప్పుడు ఒక ఫారం నింపాలి. అందులో ఏం గళ్ళున్నాయనుకున్నారు? నెలసరి సరిగ్గా వస్తుందా, నొప్పి వుంటుందా, ఆఖరిసారి ఏ తారీకున వచ్చింది, ఎన్నిసార్లు కడుపు వచ్చింది, ఎన్ని నిలిచాయి, అబార్షన్లు అయ్యాయా... పాలసీలు రాసే గుమాస్తా ఉద్యోగానికి! మన కన్నతల్లికి చెప్పడానికే సిగ్గుపడే సంగతులు, ఫైల్లో పెట్టడానికి ఆఫీసులో ఇవ్వాలి. ఆ అమ్మాయి తర్వాత పురిటి సెలవు పెట్టింది. 1990 జనవరిలో బిడ్డ పుట్టింది. సెలవులో వుండగానే ఉద్యోగం నుంచి తీసేశారు. ముందు పని బాగాలేదన్నారు. ఆ తర్వాత ఫారంలో నెలసరి తారీకు తప్పు రాసిందన్నారు.

నీరా మాథుర్ కేసు అని పేరు దీనికి. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. పని బాగాలేదనడానికి ఒక్క ఆధారమైనా లేదని తేల్చింది. ఆ గళ్ళలో అడిగినవి ఆడవాళ్ళ ఆత్మగౌరవాన్ని దెబ్బ తీసేవని, ఫారం నుంచి తీసేయమని సంస్థకి చెప్పింది. అంతకు ముందు ఆ ఫారం ఎంతమంది అమ్మాయిలు తల వంచుకుని నింపారో! కేసు వేసింది ఒక్కతే. గళ్ళు పోయింది మాత్రం తర్వాత చేరినవాళ్ళందరికీ.

ఇలాంటివి చదువుకున్న ఉద్యోగినుల సంగతే అనుకోకండి. ఢిల్లీ కార్పొరేషన్లో రోడ్ల పని చేస్తూ, గోతులు తవ్వుతూ మస్టర్ రోల్ మీద దినకూలీ తీసుకునే ఆడవాళ్ళకి ప్రసూతి సెలవు ఇవ్వమన్నారు. పర్మనెంటు కాదు కాబట్టి లేదట. యూనియన్ వాళ్ళు పట్టు వదలక సుప్రీంకోర్టు దాకా లాక్కెళ్ళారు. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, దినకూలీ అయినా తల్లి తల్లే, సెలవు ఇవ్వాల్సిందేనని తీర్పు వచ్చింది.

ఎంతకాలం పడుతుందంటారా? అది అడక్కండి. సైన్యంలో నర్సింగ్ ఆఫీసరుగా వున్న సెలీనా జాన్ గారిని 1988లో తీసేశారు. కారణం, పెళ్ళి చేసుకోవడం. ఆడ నర్సింగ్ ఆఫీసర్లకి మాత్రమే వున్న ఆ రూలుని 1995లో సైన్యమే వెనక్కి తీసుకుంది. ఆవిడకి న్యాయం జరిగింది ఎప్పుడు? 2024 ఫిబ్రవరిలో! ఇది పచ్చి వివక్ష అని సుప్రీంకోర్టు చెప్పి, 60 లక్షల రూపాయలు ఇవ్వమంది. ఉద్యోగం పోయిన నాటికి పుట్టిన పిల్లలకి 36 ఏళ్ళు వచ్చేసరికి అన్నమాట. గెలిచిందని సంతోషించాలో, ఆ మధ్య సంవత్సరాలు తలచుకుని ఏడవాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. పెళ్ళి చేసుకుంటే పో, కడుపు వస్తే పో అన్న మాట ఈ కేసుల్లో చాలావాటిలో కాగితం మీదే వుంది. రూలు పుస్తకంలో అచ్చేసి వుంది, ఫారంలో గడి గీసి వుంది. ఆ కాగితం తీసుకెళ్ళి జడ్జిగారి ముందు పెడితే, ఆయన చదివి కొట్టేశారు. మరి ఇప్పుడో? ఇప్పుడు ఏ కంపెనీ అయినా "పెళ్ళయినవాళ్ళు వద్దు" అని రూలు పుస్తకంలో రాస్తుందా? అంత తెలివితక్కువవాళ్ళెవరూ లేరు. నోటితో అంటారు. ఫోన్లో అంటారు. నవ్వుతూ, మన మంచి కోరినట్టే అంటారు.

2024 జూన్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ ఒక వార్త రాసింది. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్‌లో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పెళ్ళయిన ఆడవాళ్ళని పనిలోకి తీసుకోకుండా తిప్పి పంపేస్తున్నారని. కంపెనీ వాళ్ళు అలాంటి వివక్ష ఏమీ లేదన్నారు. కేంద్ర ప్రభుత్వం తమిళనాడు కార్మిక శాఖని నివేదిక అడిగింది. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. కాని గేటు దగ్గర "మెళ్ళో తాళి వుంది, నువ్వు వెళ్ళమ్మా" అని ఎవరైనా నోటితో అంటే, దానికి రుజువు ఎక్కడ తేవాలి? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే.

మా చెల్లెలి కూతురికీ అచ్చం ఇదే జరిగింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో నాలుగేళ్ళుగా చేస్తోంది. పేరు ఎందుకులెండి. నాలుగో నెల అని ఆఫీసులో చెప్పింది. మర్నాడే పిలిచారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "మీ ఆరోగ్యం ముఖ్యం కదమ్మా, హాయిగా ఇంటి దగ్గర వుండండి, బాబో పాపో పుట్టి కాస్త పెద్దయ్యాక మళ్ళీ చూద్దాం. మీరే ఒక రాజీనామా రాసిచ్చేస్తే మీకూ గౌరవం" అన్నారట. కోపంగా కాదు సుమా! ఎంతో ఆప్యాయంగా. పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. మా చెల్లెలు భయపడింది. "రాసిచ్చెయ్యవే, ఈ పరిస్థితిలో గొడవలెందుకు? కోర్టుకెక్కిన పిల్ల అని పేరొస్తే రేపు ఇంకెవరు ఇస్తారు ఉద్యోగం?" అంది. చెల్లెలి మాట పిరికి మాట అని నేననను. కడుపుతో వున్న పిల్లని గొడవల్లోకి దించడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? పైగా ఆ పేరు రావడమన్నది నిజంగా జరిగేదే.

వాళ్ళ అత్తగారు మాత్రం ఒక్క మాట అంది. "రాసివ్వకమ్మా. రాసిచ్చావంటే తీసేసింది వాళ్ళు కాదు, మానేసింది నువ్వు అవుతుంది." ఆవిడ ఎనిమిదో తరగతి చదువుకుంది. తర్వాత లాయరు గారు కూడా అదే మాట అన్నారు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి. రాజీనామా మన చేత్తో రాసిస్తే, "తన ఇష్టంతో మానేసింది" అని వాళ్ళు చూపిస్తారు. బలవంతం జరిగిందని రుజువు చెయ్యాల్సిన బరువు మన నెత్తిన పడుతుంది.

ఆ సాయంత్రమే పిల్ల చేత ఒక ఈమెయిలు రాయించారు లాయరు గారు. తిట్లూ లేవు, బెదిరింపులూ లేవు. "ఫలానా తేదీన ఫలానా వారు నన్ను పిలిచి రాజీనామా ఇవ్వమని సూచించారు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. ఫలానా తేదీ నుంచి నాకు ప్రసూతి సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను." అంతే, మూడు వాక్యాలు. డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్ జత చేశారు. అప్పటిదాకా గాలిలో వున్న మాట కాగితం మీదికి వచ్చింది. వారం రోజులు జవాబు లేదు. ఆ వారం మా ఇళ్ళల్లో ఎవరికీ అన్నం సహించలేదు. తర్వాత రెండు లైన్లు వచ్చాయి, సెలవు మంజూరు చేశామని. కోర్టు దాకా పోనే లేదు.

అన్నీ సుఖంగా అయిపోయాయని మాత్రం అనుకోకండి. తిరిగి చేరాక పాత పని ఇవ్వలేదు, ఇంకో విభాగంలో వేశారు. పాతవాళ్ళు కొందరు ముభావంగా వుంటున్నారు. అది ఇంకా అక్కడే చేస్తోంది. ప్రతి నెలా వచ్చిన కాగితమల్లా అత్తగారు ఫైల్లో పెడుతోంది.

చట్టం ఏం చెబుతోందో రెండు ముక్కల్లో చెబుతాను. 1961 నాటి ప్రసూతి చట్టంలో 12 వారాల సెలవు వుండేది. 2017లో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. 26 వారాలు అలాగే వున్నాయి. కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి వుండాలి. ఆ సెలవులో వుండగా తీసేయడం చట్టరీత్యా చెల్లదు. అలా తీసేస్తే, ఆ ఉత్తర్వు చేతికొచ్చిన 60 రోజుల్లో అధికారికి అప్పీలు చేసుకోవాలి. 60 రోజులంటే, పురిటి స్నానాలు, బారసాల అయ్యేసరికి సగం అయిపోతాయి. అందుకే ఇంట్లో ఇంకొకళ్ళు ఆ తారీకు గుర్తు పెట్టుకోవాలి.

ఇక జీతం సంగతి. ఇది ఇంకా మాయదారి వ్యవహారం. పక్కవాడికి ఎంత ఇస్తున్నారో మనకి ఎవరూ చెప్పరు కదా! బొంబాయిలో మెకిన్నన్ మెకంజీ అనే కంపెనీలో ఆడ్రీ డి'కోస్టా గారు స్టెనోగ్రాఫరు. మగ స్టెనోలకి ఎక్కువ జీతం, ఆడ స్టెనోలకి తక్కువ. పని మాత్రం అదే, డిక్టేషన్ రాసుకోవడం, టైపు కొట్టడం. 1977లో ఆవిడ్ని ఉద్యోగంలోంచి తీసేశాక, 1976లో వచ్చిన సమాన వేతన చట్టం కింద ఫిర్యాదు చేశారు. కంపెనీ రకరకాల వాదనలు చేసింది. వీళ్ళు పెద్ద ఆఫీసర్ల సొంత స్టెనోలు కాబట్టి పని వేరు అంది, యూనియన్‌తో ఒప్పందం అయిందంది, తన ఆర్థిక పరిస్థితి బాగాలేదంది. కోర్టు వినలేదు. చేతిలో డబ్బు లేదని ఆడవాళ్ళకి తక్కువ ఇస్తామంటే చట్టం ఒప్పుకోదని 1987లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంతకీ ఆవిడకి రావలసిన తేడా ఎంత? 7 వేల చిల్లర రూపాయలు! దానికోసం అంత పెద్ద కంపెనీ పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది. లాయర్లకి అంతకన్నా ఎక్కువే ఇచ్చి వుంటుంది. ఒక్కళ్ళకి ఇస్తే అందరికీ ఇవ్వాలన్న భయం, ఇంకేమిటి!

ఆవిడకైనా మగవాళ్ళ జీతం ఎంతో తెలుసు. మన పిల్లలు ఎంతోమంది అమెరికాలో వున్నారు కాబట్టి అక్కడి ముచ్చట కూడా ఒకటి చెబుతాను. అలబామా రాష్ట్రంలో గుడ్ ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో లిల్లీ లెడ్‌బెటర్ అనే ఆవిడ 1979 నుంచి పనిచేసింది, సూపర్‌వైజరుగా. రిటైరయ్యే ముందు ఎవరో పేరు లేని చీటీ ఒకటి ఆవిడకి అందేలా పెట్టారు. అందులో ఆవిడ జీతం, అదే పని చేసే మగవాళ్ళ జీతాలు రాసి వున్నాయి. ఆవిడకి నెలకి 3,727 డాలర్లు. మగవాళ్ళలో అందరికన్నా తక్కువ వాడికి 4,286, ఎక్కువ వాడికి 5,236. కేసు వేసింది. అక్కడి సుప్రీంకోర్టు 2007లో, తక్కువ జీతం నిర్ణయించిన 180 రోజుల్లో ఫిర్యాదు చెయ్యలేదని కొట్టేసింది. తెలియని సంగతి మీద 180 రోజుల్లో ఎలా ఫిర్యాదు చేస్తారండీ? నలుగురు జడ్జీలు అదే అన్నారు, అయిదుగురు ఒప్పుకోలేదు. 2009లో ఒబామా గారు అధ్యక్షుడు కాగానే సంతకం పెట్టిన మొదటి చట్టం ఈవిడ పేరు మీదే. ఇప్పుడు అక్కడ, తక్కువ జీతం అందిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుంది. ఆవిడకి మాత్రం గుడ్ ఇయర్ నుంచి పైసా రాలేదు. 2024లో చనిపోయింది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ప్రభుత్వోద్యోగం అయితే, రాజ్యాంగంలో సమానత్వం వుంది చూడండి, దాని మీదే కోర్టుకి వెళ్ళొచ్చు. ముత్తమ్మ గారూ, నర్గేష్ గారూ అలా వెళ్ళినవాళ్ళే. ప్రైవేటు కంపెనీ మీద అలా సూటిగా వెళ్ళడం కుదరదు. జీతానికి ఒక చట్టం, ప్రసూతికి ఒక చట్టం అని వెతుక్కుని వాటి కింద వెళ్ళాలి. సమాన వేతన చట్టం కూడా ఇప్పుడు వేతనాల కోడ్‌లో కలిసింది. ఒకే పనికి ఆడా మగా తేడాతో జీతం ఇవ్వకూడదు, పనిలోకి తీసుకునేటప్పుడూ ఆ తేడా చూపకూడదు అని అందులో వుంది. ఏ దారి పట్టినా ముందు అడిగేది కాగితమే.

అందుకని ఒక మంచి అట్ట ఫైలు కొనండి. అందులో అపాయింట్‌మెంట్ ఆర్డరు, పెర్మనెంటు చేసిన ఉత్తరం, జీతం పెరిగినప్పుడల్లా ఇచ్చిన కాగితం, నెలనెలా పే స్లిప్పు, సెలవు అడిగిన ఉత్తరం, దానికొచ్చిన జవాబు, "బాగా చేస్తున్నావు" అని మెచ్చుకున్నవి వుంటే అవీ ప్రింటు తీసి పెట్టండి. ఈ మెచ్చుకున్నవి మరీ ముఖ్యం. నీరా మాథుర్ గారిని "పని బాగాలేదు" అనే కదా తీసేసింది! అన్నీ ఫోన్లో వున్నాయి కదా అంటారేమో. ఆఫీసు ఈమెయిలు వాళ్ళది. తీసేసిన రోజే తాళం వేసేస్తారు, ఇక మనకి తెరుచుకోదు. అయితే మన సొంత కాగితాలు మాత్రమే సుమా! కంపెనీ ఫైళ్ళు, ఇంకొకరి సంగతులు ఇంటికి తెస్తే అదే మనమీద నేరమై కూర్చుంటుంది.

నోటితో అన్న మాటలకి ఇంకో ఉపాయం. పాలవాడు రాని రోజు క్యాలెండరు మీద సున్నా చుడతాం కదా, అలాగే రాసుకోవడమే. ఏ తారీకు, ఎన్ని గంటలకి, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. అదే రోజు రాయాలి. ఆర్నెల్ల తర్వాత గుర్తు చేసుకుని రాసినదానికి అంత విలువ వుండదు. మాట పెద్దదైతే మా పిల్ల రాసినట్టు ఆ సాయంత్రమే ఈమెయిలు. "మీరు ఇలా అన్నారు, నేను సరిగ్గానే విన్నానా?" అన్నట్టు మర్యాదగా రాస్తే చాలు. వాళ్ళు కాదంటే మంచిదే, అవునంటే అదే రుజువు. జవాబు ఇవ్వకపోయినా మనం రాసినట్టు మిగులుతుంది.

లాయరు ఫీజుల గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని పెట్టించుకునే హక్కుంది. ప్రతి జిల్లా కోర్టులోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ అని వుంటుంది. వెళ్ళి అడగడమే. ఫోన్ చెయ్యాలంటే 15100. మీ ఊరి కార్మిక శాఖ ఆఫీసులో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని తెచ్చుకోవడం మరిచిపోకండి. "రేపు వేస్తాం" అంటే మాత్రం కదలకండి.

మన ఇంటి సంగతి కూడా ఒకటుంది. ఇంత చెప్పాక దాటెయ్యడం బాగుండదు. మన ఇళ్ళల్లో అంట్లు తోమే అమ్మాయికి ఆరో నెల రాగానే ఏం చేస్తాం? "నువ్వు వంగలేవులే, నీ పురుడయ్యాక చూద్దాం" అని ఇంకొకరిని పెట్టుకుంటాం. ఆ ఆఫీసులో కాఫీ ఇచ్చి చెప్పిన మాటకీ దీనికీ ఏమైనా తేడా వుందా? ప్రసూతి చట్టం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి వర్తించదు. కాబట్టి మన మీద ఎవరూ కేసు వెయ్యరు. మా వీధిలో ఒకావిడ మాత్రం, పనమ్మాయి పురిటికి వెళ్ళిన మూడు నెలలూ సగం జీతం ఇచ్చి, తిరిగి వస్తే పని నీదే అని చెప్పి, మధ్యలో ఆ పిల్ల అత్తగారినే పెట్టుకుంది. మీలో ఎవరైనా ఇంకో ఏర్పాటు చేసి వుంటే రాయండి, అచ్చు వేద్దాం.

అలాగే మీ ఇంట్లో ఆడపిల్లలకి ఆఫీసులో ఇలాంటివి ఎదురైతే, ఏం చేశారో, ఏమైందో ఉత్తరం రాయండి. కంపెనీ పేరు వద్దు, మీ పేరు కూడా అక్కర్లేదు. గెలిచినవే రాయాలని లేదు. వచ్చేవారం సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు. మిరపకాయలు ఈ వారమే కొని పెట్టుకోండి, కాస్త బొద్దుగా, కారం తక్కువున్నవి చూసి.